టిఫిన్ వ్యాన్ టార్పాలిన్ మీరే మార్చుకోవచ్చు.. పాతది పారేసే ముందు ఒకసారి పరిచి చూడండి

మృగశిర కార్తె దగ్గర పడుతోందంటే టిఫిన్ వ్యాన్లు నడిపేవాళ్లకు ఒక పని గుర్తొస్తుంది. కస్టమర్లు నిలబడి తినే చోట నీడ కోసం వ్యాన్ పక్కన కట్టిన టార్పాలిన్ మార్చడం. వేసవంతా ఎండకు మాడి, ఏప్రిల్, మే నెలల ఈదురుగాలులకు అంచులు చిరిగి, జూన్ వచ్చేసరికి అది సగం ప్రాణంతో ఉంటుంది. మొదటి గట్టి వాన రోజు దోశ ప్లేటులో నీళ్లు కారితే ఆ కస్టమర్ పక్క బండికి పోతాడు. మళ్లీ వస్తాడో లేదో చెప్పలేం.

చాలామంది ఏం చేస్తారంటే, బజారుకు పోయి చవకగా దొరికింది తెచ్చి, పాత తాళ్లతోనే పాత చోటనే కట్టేస్తారు. కొన్ని నెలలకు మళ్లీ అదే మూల చిరుగుతుంది. గుడ్డ మారింది కానీ చిరగడానికి కారణం మారలేదు. అసలు సంగతి ఇదే. కారణం సరిచేసి కడితే ఇద్దరు మనుషులు సగం రోజులో చేసుకోగల పని ఇది. ఎక్కడ డబ్బు పెట్టాలి, ఎక్కడ పెట్టనక్కర్లేదు, ఏ పనికి మాత్రం సొంతంగా చేయి పెట్టొద్దు అన్నది వరుసగా చూద్దాం.

దీన్ని ఒక్కో చోట ఒక్కో పేరుతో పిలుస్తారు. పరదా, పట్టా, బరకం, తాడిపత్రి అన్నీ వాడుకలో ఉన్న మాటలే. ఇక్కడ టార్పాలిన్ అనే అంటాం. ఇక వ్యాన్ మీద ఇది ఉండే పద్ధతి ఎక్కువగా ఒకటే. ఒక వైపు వ్యాన్ పైకప్పు అంచుకు పట్టీ పెట్టి స్క్రూలతో బిగిస్తారు. రెండో వైపు ముందుకు చాచిన ఒక పైపు మీద పడుతుంది. ఆ పైపును రెండు నిలువు పైపులు మోస్తాయి. వ్యాపారం అయ్యాక విప్పి చుట్టి పైన పెట్టేస్తారు.

పాత గుడ్డ ఏం చెబుతోంది?

పాతది విప్పగానే పారేయొద్దు. నేల మీద పరిచి, ఎక్కడ పాడైందో చూడండి. చిరుగు ఉన్న చోటును బట్టి కారణం తెలిసిపోతుంది.

మధ్యలో సాగిపోయి గిన్నెలా గుంత పడి ఉంటే వాలు సరిపోలేదు. నీళ్లు నిలిచాయి, ఆ బరువుకు సాగింది.

మూలల్లో రింగులు, అంటే ఐలెట్లు, ఊడిపోయి ఉంటే గాలి దెబ్బ. లాగుడంతా రెండు మూడు రింగుల మీదే పడింది. మిగతా రింగులకు తాడు కట్టలేదు, లేదా వదులుగా కట్టారు.

పైపు మీద పడే గీత వెంబడి సన్నగా అరిగి చిరిగితే రాపిడి. ఆ పైపు మీద చేయి పెట్టి రాసి చూడండి. తుప్పు పొక్కులో, వెల్డింగ్ ముక్కలో, కోసిన పైపు పదును అంచో చేతికి తగులుతుంది.

గుడ్డ మొత్తం పెళుసుగా మారి, గోటితో గీకితే పొట్టు రాలితే అది ఎండ పని. తప్పు మీ కట్టుడులో లేదు, కొన్న సరుకులో ఉంది. ఎండను తట్టుకునే మందు, అంటే యూవీ స్టెబిలైజర్, అందులో సరిగా కలపలేదు.

పొయ్యి వైపు చిన్న చిన్న బొక్కలు, ముడుచుకుపోయిన మచ్చలు ఉంటే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గుడ్డ మంటకు మరీ దగ్గరగా ఉందని అర్థం. దీని గురించి కింద విడిగా చెబుతాం.

ఏ గుడ్డ కొనాలి?

బజారులో ముఖ్యంగా మూడు రకాలు దొరుకుతాయి.

మొదటిది ప్లాస్టిక్ టార్పాలిన్. నీలం, పసుపు, నలుపు రంగుల్లో ఎక్కడ చూసినా కనిపించేదే. హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ పట్టీలను గుడ్డలా నేసి, రెండు వైపులా పల్చని ప్లాస్టిక్ పొర వేస్తారు. తేలికగా ఉంటుంది, చవక. కానీ రోజూ మడిచి విప్పితే మడతల దగ్గర పై పొర పగిలి నీళ్లు కారతాయి.

రెండోది పీవీసీ పూత వేసిన పాలిస్టర్ గుడ్డ. లారీల మీద కప్పే మెత్తని, బరువైన గుడ్డ ఇదే. మడతలకు ఆగుతుంది, కుట్టు పడుతుంది, చుట్టి పెట్టినా పాడవదు. ధర ఎక్కువ.

మూడోది మైనం పట్టించిన కాన్వాస్, అంటే నూలు గుడ్డ. దీని కింద వేడి తక్కువగా అనిపిస్తుంది. కానీ తడిస్తే బరువెక్కుతుంది. తడిగా మడిచి పెడితే బూజు పట్టి కుళ్లిపోతుంది. రోజూ రాత్రి చుట్టి పెట్టే వ్యాన్‌కు వానాకాలంలో ఇది ఇబ్బంది.

రోజూ విప్పి కట్టే వ్యాన్‌కు పీవీసీ గుడ్డ మంచిది. ఒకే చోట నిలబడే బండికి మందమైన ప్లాస్టిక్ టార్పాలిన్ సరిపోతుంది.

మోసపోకుండా తూకం లెక్క

షాపులో అడిగితే '200 జీఎస్ఎం భాయ్, గ్యారంటీ' అంటారు. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటర్ గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. నిజమో కాదో తెలుసుకోవడానికి మిషన్ ఏమీ అక్కర్లేదు, త్రాసు చాలు.

పొడవు, వెడల్పు అడుగుల్లో గుణించండి. వచ్చినదాన్ని 10.76తో భాగిస్తే చదరపు మీటర్లు వస్తాయి. 10 అడుగులు, 12 అడుగుల టార్పాలిన్ అంటే 120 చదరపు అడుగులు, అంటే సుమారు 11.15 చదరపు మీటర్లు. అది నిజంగా 200 జీఎస్ఎం అయితే దాదాపు 2 కిలోల 200 గ్రాములు తూగాలి. త్రాసు మీద కిలోన్నరే వచ్చిందనుకోండి, అది 135 జీఎస్ఎం సరుకు. మూడో వంతు తక్కువ మాలుకు మీరు పూర్తి డబ్బు కడుతున్నట్టు.

టేపు కూడా పట్టుకుపోండి. ప్యాకెట్ మీద రాసిన సైజు ఒక్కోసారి అంచులు మడవక ముందు సైజు ఉంటుంది. మడిచాక చేతికి వచ్చేది కొన్ని అంగుళాలు తక్కువ. కొలిచి చూశాకే డబ్బులివ్వండి.

హైదరాబాద్‌లో అయితే ఒకటే షాపులో బేరం తేల్చుకోకుండా బేగంబజార్ వైపు రెండు మూడు చోట్ల అడగండి. అడిగేటప్పుడు ధర ఒక్కటే కాకుండా కిలో ఎంత పడుతోందో లెక్క వేసుకోండి. అప్పుడు ఎవరు నిజంగా చవకగా ఇస్తున్నారో తెలుస్తుంది.

కొలతలు ఇలా తీసుకోండి

పాత గుడ్డను కొలిచి అదే సైజు కోయించొద్దు. అది సాగి ఉంటుంది. ఫ్రేమ్‌నే కొలవండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వ్యాన్ పొడవు 7 అడుగులు. నీడ ముందుకు 6 అడుగులు రావాలి. వ్యాన్ పైకప్పు అంచు నేల నుంచి 8 అడుగుల ఎత్తు, ముందు పైపు ఆరున్నర అడుగుల ఎత్తు. అంటే గుడ్డ అడుగున్నర కిందికి దిగుతుంది. వాలు వెంబడి కొలిస్తే 6 అడుగుల 2 అంగుళాలు వస్తుంది. దానికి వ్యాన్ వైపు పట్టీ కింద బిగించడానికి 3 అంగుళాలు, ముందు వేలాడే జాలరుకు 9 అంగుళాలు, అంచు మడతకు 2 అంగుళాలు కలపండి. మొత్తం 7 అడుగుల 4 అంగుళాలు.

వెడల్పులో రెండు పక్కలా అర అడుగు బయటికి ఉంటే వాన జల్లు లోపలికి కొట్టదు. 7 అడుగులకు ఒక అడుగు కలిపితే 8. రెండు అంచుల మడతకు 4 అంగుళాలు. అంటే 8 అడుగుల 4 అంగుళాలు. గుడ్డ కోయించడానికి కావాల్సిన సైజు ఇది. రెడీమేడ్ టార్పాలిన్‌కు అంచు ముందే మడిచి ఉంటుంది కాబట్టి మడత కొలత కలపనక్కర్లేదు.

కుట్టు, రింగులు

పీవీసీ గుడ్డను ఇంట్లో కుట్టు మిషన్ మీద కుట్టడం కష్టం. సూది విరుగుతుంది. సీటు కవర్లు, లారీ టార్పాలిన్లు కుట్టే దర్జీ దగ్గరకు తీసుకుపోండి. ఆయనకు మూడు మాటలు ముందే చెప్పండి.

ఒకటి, దారం పాలిస్టర్‌దే వాడాలి. నూలు దారం తడికి కుళ్లిపోతుంది, గుడ్డ బాగుండగానే కుట్టు విడిపోతుంది.

రెండు, అంచు మడతలో సన్నని నైలాన్ తాడు పెట్టి కుట్టాలి. అప్పుడు గాలి లాగుడు గుడ్డ మీద కాకుండా తాడు మీద పడుతుంది.

మూడు, రెండు ముక్కలు కలపాల్సి వస్తే పెంకుల ఇల్లు గుర్తు చేసుకోండి. పై ముక్క కింది ముక్క మీదికి రావాలి. తిరగేసి కుడితే నీళ్లు నేరుగా కుట్టులోకి దిగుతాయి. వీలైతే కలపడమే లేకుండా ఒకే ముక్క తీసుకోండి.

రింగులు మాత్రం మీరే వేసుకోవచ్చు. పంచ్, అచ్చు, సుత్తి ఉన్న చిన్న సెట్టు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. ఇనుప రింగులు తుప్పు పట్టి గుడ్డను తినేస్తాయి. ఇత్తడివి గానీ అల్యూమినియంవి గానీ తీసుకోండి. రంధ్రం రింగు గొట్టం కంటే కొంచెం చిన్నగా ఉండాలి, రింగు బిగువుగా దూరాలి. అడుగున్నరకు ఒకటి చొప్పున వేయండి. మూలల్లో రెండు పొరల గుడ్డ అదనంగా పెట్టి వేయండి. రింగు ఎప్పుడూ మడత కుట్టిన మందం మీదే పడాలి, ఒంటి పొర మీద వేస్తే మొదటి గాలికే ఊడుతుంది.

విప్పి కట్టే వరస

గాలి లేని పొద్దున పూట పెట్టుకోండి. పొయ్యి ఆర్పి, సిలిండర్ వాల్వ్ మూసి, వ్యాన్‌కు హ్యాండ్‌బ్రేక్ వేయండి. పైన కరెంటు తీగలు వేలాడుతుంటే ముందు వ్యాన్‌ను అక్కడి నుంచి తీసేయండి. ఇనుప పైపు ఎత్తే పని తీగల కింద అసలు చేయొద్దు.

ముందు తాళ్లు విప్పండి, తర్వాత వ్యాన్ వైపు పట్టీ స్క్రూలు. తుప్పు పట్టి రాకపోతే కొంచెం నూనె వేసి ఆగండి. బలవంతం చేస్తే తల విరుగుతుంది.

ఇప్పుడు ఫ్రేమ్ ఖాళీగా ఉంది కాబట్టి అసలు పని చేయండి. ఎమరీ పేపర్‌తో తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పూసి, ఎండాక పెయింటు వేయండి. పదునుగా ఉన్న మూలలకు, పైపు చివరలకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి కట్టండి. రూపాయి ఖర్చు లేని ఈ పని గుడ్డ ఆయుష్షును బాగా పెంచుతుంది.

కొత్త గుడ్డను వ్యాన్ వైపు మధ్య నుంచి మొదలుపెట్టి రెండు పక్కలకూ బిగిస్తూ పోండి. ఒక మూల నుంచి మొదలుపెడితే రెండో మూలకు వచ్చేసరికి ముడతలు వస్తాయి. గుడ్డ అంచును ఒకసారి మడిచి పట్టీ కింద పెట్టి, పట్టీకి పైన సిలికాన్ సీలెంట్ గీత వేయండి. అక్కడ కారే నీళ్లు వ్యాన్ లోపల బోర్డుల్లోకి, కరెంటు వైర్లలోకి పోతాయి.

కొన్ని వ్యాన్లకు పట్టీకి బదులు అల్యూమినియం గాడి ఉంటుంది. గుడ్డ అంచులో కుట్టిన తాడు ఆ గాడిలోకి దూరుతుంది. గాడిలో మట్టి తీసి, సబ్బు నీళ్లు రాసి, ఒకరు దూరుస్తుంటే ఇంకొకరు అవతలి నుంచి మెల్లగా లాగాలి.

వాలు తప్పితే అంతా తప్పినట్టే

పై ఉదాహరణలో 6 అడుగులకు అడుగున్నర వాలు పెట్టాం. అడుగుకు 3 అంగుళాలు. అంతకంటే తగ్గించొద్దు. ఎందుకో లెక్క చూడండి.

ఒక చదరపు మీటర్ మీద ఒక మిల్లీమీటర్ వాన పడితే ఒక లీటర్ నీళ్లు. మన గుడ్డ కింద నీడ విస్తీర్ణం సుమారు నాలుగున్నర చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 90 లీటర్లు. జారిపోతే ఏ ఇబ్బందీ లేదు. మధ్యలో మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గుంత పడి, సగటున రెండంగుళాల లోతు నీళ్లు నిలిస్తే ఆ ఒక్క చోటే 40 కిలోల పైన బరువు. నీళ్ల బరువుకు గుంత పెరుగుతుంది, గుంత పెరిగితే ఇంకా నీళ్లు చేరతాయి. చివరకు గుడ్డ చిరగాలి, లేదా పైపు వంగాలి. కింద నిలబడినవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

ముందు వైపు ఒక మూలను రెండు మూడు అంగుళాలు కిందికి పెట్టండి. నీళ్లన్నీ కస్టమర్లు లేని ఆ పక్కనే పడతాయి.

గాలి వస్తే గుడ్డ తీసేయడమే

గాలి వేగం రెట్టింపు అయితే దాని తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. గంటకు 25 కిలోమీటర్ల గాలి ఈ గుడ్డకు ఎదురుగా తగిలితే సుమారు 13 కిలోల తోపు. 50 కిలోమీటర్లయితే 50 కిలోలు దాటుతుంది. ఎంత గట్టి తాడు కట్టినా ఆ బలం ఎక్కడో ఒక చోట తేలాలి.

అందుకే ముందు వైపు తాళ్లలో కొన్ని రబ్బరు తాళ్లు పెట్టండి. గాలి కొట్టినప్పుడు కొంచెం సాగి మళ్లీ వెనక్కి వస్తాయి. ముడి కూడా లాగితే ఊడేది వేయండి, మొండి ముడి వద్దు. ఆకాశం నల్లబడి దుమ్ము లేస్తే ఒక నిమిషంలో గుడ్డ దింపగలగాలి. బండి కదిలించే ముందు గుడ్డ, పైపులు రెండూ లోపల పెట్టి కట్టేయాలి. పక్క వీధికే కదా అని చాచిన పైపుతో నడిపితే బైకు మీద పోయేవాడి ముఖానికి తగులుతుంది.

పొయ్యి పైన గుడ్డ వద్దు

ప్లాస్టిక్ టార్పాలిన్ సుమారు 110 నుంచి 130 డిగ్రీల వేడికే కరుగుతుంది. అంటుకుంటే మండుతున్న చుక్కలు కింద పడతాయి. కింద నూనె మూకుడు ఉంటుంది. పీవీసీ కాలితే వచ్చే పొగ కళ్లను, గొంతును పట్టేస్తుంది. నూలు కాన్వాస్‌కు మైనం ఉంటుంది, అది మంటను పెంచుతుంది.

కాబట్టి గుడ్డ కస్టమర్ల వైపే ఉండాలి. పొయ్యి పైన రేకు పెట్టించండి. పొయ్యి మంటకు, గుడ్డకు మధ్య కనీసం నాలుగడుగుల దూరం ఉంచండి. మంటను తట్టుకునే మందు కలిపిన గుడ్డ అని కొన్ని అమ్ముతారు. అది అంటుకోవడం ఆలస్యం అవుతుందే తప్ప అసలు కాలదని కాదు.

వాన జల్లు కొడుతోందని మూడు వైపులా గుడ్డ దించేయడం ఇంకో ప్రమాదం. ఎల్‌పీజీ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల మీదే పేరుకుంటుంది. అందుకే పక్క పరదాలు నేలకు తగలకుండా కింద ఒక అడుగు ఖాళీ వదలండి, ఒక వైపు ఎప్పుడూ తెరిచే ఉంచండి. రంజాన్‌లో హలీం బట్టీల చుట్టూ టెంట్ వేసేవాళ్లకు కూడా ఇదే మాట వర్తిస్తుంది.

సొంతంగా చేయకూడనివి

చుట్టుకునే రోలర్ ఉన్న నీడ గుడ్డలు కొన్ని పెద్ద ఫుడ్ ట్రక్కులకు, విదేశాల్లో ప్రయాణాలకు వాడే ఇల్లు లాంటి బండ్లకు ఉంటాయి. వాటి రోలర్ లోపల బిగించిన స్ప్రింగ్ ఉంటుంది. పిన్ పెట్టకుండా మూత విప్పితే అది ఒక్కసారిగా తిరిగి వేళ్లు విరగ్గొట్టేంత బలంతో వదులుతుంది. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉండి అలాంటి బండి కొనుక్కున్న మనవాళ్లు కూడా గుడ్డ కొని తెచ్చుకోవచ్చు గానీ, స్ప్రింగ్ విప్పే పని తెలిసినవాళ్లకే ఇవ్వాలి.

వంగిన పైపు వెల్డింగ్ కూడా మెకానిక్ పనే. వెల్డింగ్‌కు ముందు సిలిండర్‌ను వ్యాన్‌లోంచి దింపి దూరంగా పెట్టాలి. గుడ్డ కింద వేలాడదీసే లైట్ల వైరింగ్‌లో అతుకులుంటే ఎలక్ట్రీషియన్‌తో మార్పించండి.

చివరిగా ఖర్చు లెక్క

ధర చూసి కాకుండా నెలకు ఎంత పడుతుందో చూసి కొనండి. ఉదాహరణకు 900 రూపాయల గుడ్డ 5 నెలలు ఆగిందనుకుందాం. నెలకు 180 రూపాయలు. 2,400 రూపాయల గుడ్డ రెండేళ్లు ఆగితే నెలకు 100 రూపాయలు. చవకది నిజానికి ఖరీదైనది. దీనికి తోడు గుడ్డ చిరిగిన రోజు ఆగిన వ్యాపారం, మార్చడానికి పోయిన పూట కూడా ఖర్చే. ఆ లెక్క మనం ఎప్పుడూ రాసుకోం.

చేతిలో ఒకేసారి అంత డబ్బు లేకపోతే గుడ్డ మధ్య రకందే తీసుకోండి. కానీ అంచు తాడు, ఇత్తడి రింగులు, పైపుకు ప్రైమర్, ట్యూబు ముక్కలు మాత్రం వదలొద్దు. వీటికి అయ్యేది గుడ్డ ధరలో చిన్న భాగమే. కట్టాక బకెట్ నీళ్లు పైన పోసి చూడండి. నీళ్లు ఎక్కడా ఆగకుండా మీరు అనుకున్న మూల నుంచే జారితే పని అయినట్టే. ఒక చోట ఆగాయంటే పైపు ఎత్తు అప్పుడే సరిచేసుకోండి, వాన పడ్డాక చూద్దాంలే అనుకోవద్దు.